మూడో గ్లాసు దాకా

మోకాలి ఆపరేషన్‌కని కెనడాలో, హామిల్టన్‌లో ఆసుపత్రిలో చేరిన రోజున నా ముంజేతికి ఒక ప్లాస్టిక్ పట్టీ చుట్టారు. దాని మీద సన్నగా, లావుగా నల్ల గీతలు. గీతల పక్కన అక్షరాలు. నర్సు వచ్చినప్పుడల్లా టార్చిలైటు లాంటిదొకటి ఆ గీతల మీద పెట్టేది. అది కీచుమనేది. వెంటనే ఆమె తోసుకొచ్చిన కంప్యూటరులో నా గురించి అంతా కనిపించేది. నాకు ఏ మందు పడదో, ఏ మోకాలు కొయ్యాలో, ఏ రోజున పుట్టానో, అన్నీ దానికి తెలుసు. నేను ఏ రోజున పుట్టానో మా అమ్మకే తెలియదు. పాస్‌పోర్టు కోసం మా ఆయన తోచిన తేదీ ఒకటి రాయించాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు మా ఎదురింటావిడ నన్ను చూడటానికి వచ్చింది. అపార్ట్‌మెంటులో మా తలుపుకు ఎదురు తలుపు ఆమెది. పశ్చిమ ఆఫ్రికా మనిషి. అదే ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో స్పెషలిస్టు. మా అమ్మాయి ఆమె కింద పనిచేసేది, అందుకని ఆమెను బాస్ అని పిలిచేది. పొడుగ్గా ఉండేది. నవ్వితే గది చివరి దాకా వినిపించేది. మా అమ్మాయి నన్ను పిలవడం విని విని ఆమె కూడా నన్ను అమ్మా అనడం మొదలుపెట్టింది. నేను ఆమెను బిడ్డా అనేదాన్ని. అప్పట్లో నాకు ఇంగ్లీషు రాదు. ఆమె ఇంగ్లీషులో అన్నది మా అమ్మాయి తెలుగులో చెప్పేది. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటలన్నీ ఆమె నోటి నుంచి తెలుగులోనే వచ్చినట్టు గుర్తున్నాయి నాకు.

నర్సు పట్టీ మీద లైటు పెట్టి వెళ్ళాక నేను మా అమ్మాయిని అడిగాను. "ఆ గీతలల్ల ఏం రాసుంది?"

"గీతలు కాదమ్మా, అవి మెషీన్‌కి. పక్కన నీ పేరుంది."

"నా పేరా?"

అరవై దాటిన మనిషిని. నా పేరు నా చేతికే కట్టి ఉంది. నర్సుకు తెలుసు, మెషీన్‌కు తెలుసు, నాకు తెలియదు. ఎదురింటావిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఆ అక్షరం ఎలా పలుకుతుందో అలా పలికింది. పేరు పూర్తయ్యాక ఆమె అన్న మాట ఇది.

"గీతలు మెషీన్ చదువుతుంది, అది నేను చూసుకుంటాను. పేరు మాత్రం నువ్వే చదువుకోవాలమ్మా."

ఇంటికి వచ్చాక శనివారం శనివారం మా మనవరాలిని దింపే తెలుగు క్లాసులో నేనూ కూర్చున్నాను. ఒక హాలు అద్దెకు తీసుకుని మనవాళ్ళు పిల్లలకు తెలుగు నేర్పేవారు. మోకాలు మడవలేను కనక నాకు వెనక ఒక కుర్చీ వేశారు. ఏడేళ్ళ పిల్లల మధ్య నేను అ ఆ లు దిద్దాను. "అమ్మమ్మా, యూ ఆర్ హోల్డింగ్ ఇట్ రాంగ్" అని మా మనవరాలు నా చేతిలో పెన్సిల్ సరిచేసేది. దిద్దిన పలక చూపించడానికి ఎదురింటి తలుపు కొట్టేదాన్ని. ఆమెకు తెలుగు రాదు. అయినా ప్రతి అక్షరం శ్రద్ధగా చూసి, "ఇదేంటి, చెవిలా ఉంది? దీని తోక ఇంత గుండ్రంగా ఎందుకుంది?" అని అడిగేది. నాకంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళు చాలామందిని చూశాను. నా రాతను చూసి ప్రశ్నలు అడిగింది మాత్రం ఆమె ఒక్కతే.

ఆమె కథ నాకు అలా తలుపుల దగ్గర, వంటింట్లో, బట్టలు ఉతికే గదిలో ముక్కలు ముక్కలుగా తెలిసింది.

ఆమె దేశం ఒక నది. నదికి అటొక గట్టు, ఇటొక గట్టు, అంతే దేశం. చీరకు రెండు అంచులూ ఉండి, నడుమ బట్టంతా నీళ్ళే అయినట్టు. వాళ్ళమ్మ నది రేవులో పొగబెట్టిన చేపలు అమ్మేది. బండ్లనూ మనుషులనూ నది దాటించే పెద్ద పడవ ఒకటి ఉండేది. గోదావరి వైపు వాళ్ళు దాన్ని పంటు అంటారు. ఆ పంటు నడిస్తే ఆసుపత్రి ఉంది, కాలేజీ ఉంది, సంత ఉంది. అది చెడిపోతే ఏమీ లేదు. నొప్పులు వస్తున్న ఆడవాళ్ళు రేవులో చాప మీద పడుకుని పంటు కోసం ఎదురుచూడటం ఆమె చిన్నప్పటి నుంచి చూసింది.

వాళ్ళ బడికి ఎవరో దానంగా ఒక కంప్యూటరు ఇచ్చారట. దానికి ఒక గది, తాళం, మీద పూలు కుట్టిన గుడ్డ. పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళి, చేతులు కట్టుకుని చూసి రావాలి.

"మా కాలేజీలో కూడా సేమ్ బాస్!" అని మా అమ్మాయి పగలబడి నవ్వింది. "సాక్సులతో వెళ్ళేవాళ్ళం. ల్యాబంతా కంపు."

"మాకు సాక్సులు కూడా లేవు. కాళ్ళు కడుక్కుని వెళ్ళేవాళ్ళం" అంది ఆమె.

ఆ గది బయట కాళ్ళు కడుక్కున్న పిల్ల స్కాలర్‌షిప్‌తో హామిల్టన్‌లో యూనివర్సిటీకి వచ్చింది. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఏ గదిలో ఏ రోగి ఉన్నాడో, ఎవరికి ఏ మందో చెప్పే యంత్రాల లోపలికంతా చెయ్యి పెట్టగలిగేంత అయింది. మేమున్న ఇంటి కిటికీలోంచి చూస్తే కింద ఊరు, ఉక్కు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, వాటి వెనక సరస్సు కనిపిస్తాయి. ఆమె అక్కడ నిలబడి సరస్సు చూస్తుంటే ఈమె ఎంత దూరం నడిచి వచ్చింది అనుకునేదాన్ని. ఆమె నడక ఇంకా మొదలే కాలేదని నాకు అప్పుడు తెలియదు.

ఒక విషయం మాత్రం మా వాళ్ళెవరికీ మింగుడుపడేది కాదు. ఆమె కెనడా సిటిజన్‌షిప్ తీసుకోలేదు. పీఆర్ కార్డు మీదే, అంటే శాశ్వతంగా ఉండనిచ్చే అనుమతి మీదే, ఉండిపోయింది. మా ఇంట్లో ఒక ఆదివారం భోజనాలకు వచ్చిన గుంటూరు అంకుల్ ఒకాయన ఆ మాట విని గరిటె కింద పెట్టేశాడు.

"ఏంటండీ, ఎలిజిబుల్ అయ్యుండి అప్లై చేయలేదా? మా బావమరిది ఆ పాస్‌పోర్ట్ కోసం విండ్సర్‌లో ఎన్నేళ్ళుగా తపస్సు చేస్తున్నాడో తెలుసా మీకు?"

ఆమె పులిహోర తింటూ తాపీగా చెప్పింది. "మా దేశంలో ఇంకో దేశం పౌరసత్వం ఉన్నవాళ్ళు పార్లమెంటుకు నిలబడకూడదు."

"అయితే మీరు నిలబడతారా ఏంటి?"

"తెలియదు. తలుపు మూయలేదు, అంతే."

అంకుల్ మా అమ్మాయి వైపు తిరిగి తెలుగులో, "ఎంఎల్ఏ అవుతుందట తల్లీ, మనం కాస్త మర్యాదగా ఉండాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

ఆ తలుపు దగ్గరికి ఆమెను తీసుకెళ్ళినవి పాత కంప్యూటర్లు. ఆసుపత్రిలో పక్కన పడేసే వాటిని అడిగి తీసుకుని, సెలవు రోజుల్లో ఒక్కొక్కటీ విప్పి బాగుచేసింది. మా అమ్మాయి కూడా సాయం చేసింది. మా హాలంతా వైర్లు. వాటిని ఓడలో తమ ఊరి వైపు ఉన్న చిన్న క్లినిక్‌కు పంపింది. తల్లులు పిల్లల టీకా చీటీలు కొంగున ముడివేసుకుని తిరగక్కర్లేదని, అన్నీ కంప్యూటరులో ఉంటాయని ఆమె ఆశ. మరుసటి ఏడు సెలవు పెట్టి చూడటానికి వెళ్ళింది.

తిరిగి వచ్చాక మా వంటింట్లో కూర్చుని చెప్పింది. క్లినిక్ నర్సు ఆమెను ఎంతో సంబరంగా లోపలి గదికి తీసుకెళ్ళిందట. తాళం తీసింది. గుమ్మం దగ్గర తన చెప్పులు విడిచింది. లోపల కంప్యూటర్లన్నీ వరుసగా, మీద పూలు కుట్టిన గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ వెయ్యలేదు. వస్తుందన్న కరెంటు ఆ ఊరికి రానే లేదు.

"నేను పనిముట్లు పంపాననుకున్నాను. దేవుడి పటాలు పంపాను" అంది.

కరెంటు ఎవరు ఇస్తారు అని ఆమె అడిగిందట. అది రాజధానిలో, సభలో తేలాలి అన్నారట. పంటు ఎవరు బాగుచేయిస్తారు అంటే అదీ అక్కడే అన్నారట. "అయితే ఆ సభలోకే వెళ్ళాలి" అంది. పక్క గదిలోకి వెళ్ళొస్తాను అన్నంత మామూలుగా అంది.

వాళ్ళ ఊళ్ళో ఓటు ఎలా వేస్తారో కూడా ఆమె మాకు ఆ రోజుల్లోనే చూపించింది. నేను మా ఊళ్ళో ఎప్పుడూ గుర్తు చూసి ఓటు వేసినదాన్నే. అందుకే అడిగాను. "మీ దిక్కు చదువు రానోళ్ళు ఎట్ల ఏస్తరు బిడ్డా?"

ఆమె నా స్టీలు డబ్బా ఒకటి తీసుకుంది, మూతకు చిల్లు ఉన్నది. నా పోపుల పెట్టె పక్కనున్న సీసాలోంచి ఒక శనగ తీసింది. "ఇది గోళీ అనుకో. అక్కడ గోళీతోనే ఓటు. పోటీలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో ఇనప డ్రమ్ము, దానికి ఆ పార్టీ రంగు, మీద మనిషి ఫొటో. చేతికి ఒకే గోళీ ఇస్తారు. చాటుకు వెళ్ళి నచ్చిన డ్రమ్ములో వెయ్యాలి. లోపల గంట ఉంటుంది." శనగ డబ్బాలో వేసింది. టింగుమంది. "రెండో గోళీ వేస్తే రెండోసారి మోగుతుంది. బయట అందరికీ వినపడుతుంది. అందుకే ఓట్ల రోజున అక్కడ సైకిల్ బెల్లు కొట్టనివ్వరు."

చిన్నప్పుడు మా అన్నదమ్ములు మట్టిలో ఆడిన గోళీ. దానితో రాజ్యం నడుస్తుంది.

మా అమ్మాయికి మాత్రం నవ్వొచ్చింది. "ఈ రోజుల్లో గోళీలేంటి బాస్? నువ్వు గెలిస్తే ఫస్ట్ అది మార్చి మెషీన్లు పెట్టించు."

"అస్సలు పెట్టను. గోళీకి కరెంటు అక్కర్లేదు. పాస్‌వర్డ్ మర్చిపోరు. మా పెద్దమ్మకు చదువు రాకపోయినా మోసం జరిగితే చెవులతో కనిపెట్టేస్తుంది." తర్వాత డబ్బాలో చెయ్యి పెట్టి ఆ శనగ తీసి నోట్లో వేసుకుంది. "యంత్రాన్ని మనుషులు నమ్మేలా చెయ్యడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది. అక్కడ నమ్మకం ముందే ఉంది. దాన్ని ఎందుకు చెడగొట్టాలి?"

జీతం లేని సెలవు పెట్టి వెళ్ళి మొదటిసారి పోటీ చేసింది. ఓడిపోయింది. కొద్దిలో కాదు, బాగా ఓడిపోయింది.

ఫిబ్రవరి మంచులో కాదు గాని, వేసవి మొదలయ్యేటప్పుడే తిరిగి వచ్చింది. అయినా నా జ్ఞాపకంలో ఆమె చలిలో వచ్చినట్టే ఉంటుంది. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని, లిఫ్టులో ఎదురుపడితే తల ఊపేది. తలుపు మూసుకునేది. మళ్ళీ ఆసుపత్రి పనిలో పడింది. మా అమ్మాయి అడగబోతే నేనే వద్దన్నాను.

చాలా వారాల తర్వాత ఒక ఆదివారం ఆమే తలుపు కొట్టింది. చేతిలో బొమ్మ సామానులా ఉన్న చిన్న కెటిల్, అంతకన్నా చిన్న గాజు గ్లాసులు, ఒక పొట్లం టీ ఆకు, కాస్త పుదీనా.

"అమ్మా, నీ పొయ్యి కావాలి. నేను ఎందుకు ఓడిపోయానో మీకు చూపిస్తాను."

చెప్తాను అనలేదు, చూపిస్తాను అంది.

కెటిల్లో టీ ఆకు, నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. మరుగుతూనే ఉంది. చక్కెర వేసింది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తునుంచి పోసింది, మళ్ళీ అందులోంచి ఇందులోకి. నురగ కట్టేదాకా పోస్తూనే ఉంది. మా అమ్మాయి గడియారం చూసి, "ఇరానీ చాయ్ హోటల్‌లో అయితే ఈపాటికి తాగేసి, బిల్లు కట్టేసి, ఇంటికి కూడా పోయేవాళ్ళం" అంది.

"ఓపిక పట్టు. ఇది మొదటిది."

రెండు గుక్కలంత టీ. వేపాకు రసంలా చేదు. అదే ఆకులో మళ్ళీ నీళ్ళు పోసి, ఇంకా చక్కెర వేసి, మళ్ళీ మరిగించింది. రెండో గ్లాసు చేదు తగ్గింది. మూడోసారికి ఇంకా చాలాసేపు పట్టింది. అప్పటికి బయట పొగగొట్టాల మీద ఎండ వాలిపోయింది. మేం మాట్లాడుకోవలసిన మాటలన్నీ అయిపోయాయి. ఇక ఊరికే కూర్చున్నాం. మూడో గ్లాసు తియ్యగా, పలచగా, పుదీనా వాసనతో ఉంది. అది చేతికిచ్చాక ఆమె చెప్పింది.

వాళ్ళ వైపు ఎవరింటికి వెళ్ళినా ముందు పలకరింపులు. ఇంట్లో వాళ్ళు ఉన్నారా, ఉన్నారు. శాంతేనా, శాంతే. పిల్లలు ఉన్నారా, ఉన్నారు. పొలం ఉందా, ఉంది. తర్వాత బొగ్గుల కుంపటి మీద ఈ టీ పెడతారు. ఈమె ఇక్కడి ఆఫీసులో మీటింగులు పెట్టుకున్నట్టు, ఫోన్‌లో ఏ ఊరికి ఎంతసేపో ముందే రాసుకుంది. కారు దిగేది, పలకరించేది, మొదటి గ్లాసు తాగేది. కరెంటు గురించి, పంటు గురించి బాగా చెప్పేది. థాంక్యూ చెప్పి లేచేది. ఒక్క ఊరికీ ఆలస్యంగా వెళ్ళలేదు.

"అన్ని ఊళ్ళూ తిరిగింది నేనొక్కదాన్నే, తెలుసా? చాలా గర్వపడ్డాను" అంది.

ఓడిపోయాక వాళ్ళ పెద్దమ్మ పిలిచి చెప్పిందట. "నీ మాటలు బాగానే ఉన్నాయి. ఎవరూ వినలేదు, అంతే. మొదటి రెండు గ్లాసులప్పుడు మనిషిని చూస్తారు. మాట వినేది మూడో గ్లాసు దగ్గర. నువ్వు అందరింట్లోనూ చేదు తాగి లేచి వెళ్ళిపోయావు. అలా లేచి వెళ్ళిపోయేది పోలీసువాడు ఒక్కడే."

ఆమె ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ నవ్వింది. "ఈ తప్పు అక్కడే ఉన్నవాళ్ళు చెయ్యరు. అక్కడ పుట్టనివాళ్ళు చేస్తే ఎవరూ పట్టించుకోరు. నాలాంటివాళ్ళే చెయ్యగలరు."

నాకు మా వైపు పెళ్ళి పిలుపులు గుర్తొచ్చాయి. ఎంత గొప్ప కార్డు పంపినా, గడప దాటి వచ్చి బొట్టు పెట్టి పిలవకపోతే మావాళ్ళు పిలిచినట్టు లెక్క చెయ్యరు. ఆ మాట చెబితే ఆమె, "మీ బొట్టు చాలా ఫాస్ట్ కదమ్మా, మాది మూడు గంటలు" అంది. మళ్ళీ ఆ పాత నవ్వు గది చివరి దాకా వినిపించింది. అప్పుడే నాకు తెలిసింది, ఈమె మళ్ళీ నిలబడుతుందని.

తర్వాతి ఎన్నికలకు ఇంకా ఏళ్ళు ఉన్నాయి. ఆ ఏళ్ళలో ఆమె చేసింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దొరికిన ప్రతి సెలవూ కూడబెట్టి, ప్రతి ఏడూ అక్కడికి వెళ్ళేది. ఉపన్యాసం లేదు, జెండా లేదు. ఒక ఊరికి వెళ్ళడం, ఒక ఇంట్లో కూర్చోవడం, మూడు గ్లాసులు తాగడం. సాయంత్రానికి ఒక ఇల్లో రెండు ఇళ్ళో. తిరిగి వచ్చి మళ్ళీ ఇక్కడ యంత్రాల ముందు కూర్చునేది.

అదే ఏళ్ళలో నేను తెలుగు పూర్తిగా నేర్చుకున్నాను. తర్వాత లైబ్రరీలో ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టాను. మా అమ్మాయి నా చేత సిటిజన్‌షిప్‌కు అప్లై చేయించింది. ప్రమాణం చేసి వచ్చాను. ఆమె వద్దనుకున్నది నేను తీసుకున్నాను. ఇద్దరం కేకు తిన్నాం.

ఇక్కడ ఓట్లు వచ్చిన రోజున మా అమ్మాయికి డ్యూటీ ఉంది. ఎదురింటావిడే నన్ను కారులో తీసుకెళ్ళింది. ఆమెకు ఓటు లేదు కనక కారులోనే కూర్చుంది. లోపల నాకు ఒక కాగితం, పొట్టి పెన్సిల్ ఇచ్చారు. కాగితం మీద చెయ్యి గుర్తు లేదు, పువ్వు లేదు, సైకిల్ లేదు. ఉన్నవి పేర్లే. ఒక్క బొమ్మ కూడా లేదు. పట్టీ మీద నా పేరు ఆమె చదివించినట్టే, ఒక్కో అక్షరం మీద పెన్సిల్ పెట్టుకుంటూ పేర్లన్నీ చదివాను. నా వెనక వాళ్ళు ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు. గుండ్రంలో గీత పెట్టి, మడిచి, పెట్టెలో వేశాను. గంట మోగలేదు. నాకు మాత్రం మోగినట్టే ఉంది.

కారు దగ్గరికి వచ్చేసరికి ఆమె అద్దం దించింది. "ఎవరికి వేశావమ్మా?"

"చెప్పొద్దంట కదా బిడ్డా."

ఆమె స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. తర్వాత కారు స్టార్ట్ చెయ్యకుండానే, "నేను ఉద్యోగం మానేస్తున్నానమ్మా. ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఈసారి సెలవు పెట్టి వెళ్ళడం లేదు" అంది.

మా అమ్మాయి ఆ రోజు సాయంత్రం ఆమెతో గట్టిగానే వాదించింది. "అంతకాలం అక్కడే ఉంటే పీఆర్ పోతుంది బాస్. ఈసారి ఓడిపోతే అక్కడ సీటుండదు, ఇక్కడ జాబుండదు. అన్ని టీలు తాగి చివరికి ఏం మిగులుతుంది?"

"మూడో గ్లాసు మిగులుతుంది" అంది ఆమె. సోఫా మాకు ఇచ్చేసింది. చిన్న కెటిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

అక్కడ ఓట్ల రోజు శనివారం వచ్చింది. మా మనవరాలు, నేను ఆ రోజు తెలుగు క్లాసుకు వెళ్ళలేదు. అక్కడ సాయంత్రం అయ్యేసరికి మాకు మధ్యాహ్నం. ఓట్లు వేసినచోటే లెక్కపెడతారు. ఆమె పెద్దమ్మ కూతురు, మిగతా చుట్టాలు ఊరికొకరు ఫోన్ పట్టుకుని మాకు చూపిస్తూ ఉన్నారు. డ్రమ్ము మూత తీశారు. గోళీలను ఒక పెద్ద చెక్క పళ్ళెంలోకి వంపారు. పళ్ళెం నిండా వరుసగా గుంటలు. గోళీలు దొర్లుతూ వెళ్ళి ఒక్కొక్కటీ ఒక్కో గుంటలో కూర్చున్నాయి. కళ్ళంలో వడ్లు కొలుస్తున్నట్టు ఆ చప్పుడు. చుట్టూ జనం పళ్ళెం మీదికి వంగి ఉన్నారు. ఎవరూ అరవలేదు. ప్రతి ఒక్కరూ కళ్ళతో తామే లెక్కపెట్టుకుంటున్నారు.

మొదటి ఊళ్ళో ఆమెకు తక్కువ వచ్చాయి. రెండోదాంట్లో సమానం. మా అమ్మాయి సోఫాలోంచి లేచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతూ ఉంది. "వద్దన్నా వినలేదు. చెప్పానా, చెప్పానా" అంటోంది, కళ్ళు మాత్రం ఫోన్ మీదే. మా మనవరాలు, "మామ్, సిట్ డౌన్, యూ ఆర్ మేకింగ్ మీ నర్వస్" అంటోంది. నేను సోఫా చేతిని పట్టుకుని కూర్చున్నాను. ఆమె సోఫా అది. ఓడిపోతే తిరిగి వచ్చి కూర్చోవడానికి కూడా ఆమెకు ఇక్కడ చోటు లేదు అనుకున్నాను.

నది అవతలి ఊళ్ళు మొదలయ్యాయి. మొదటిసారి ఆమె అందరికంటే ఘోరంగా ఓడిపోయింది అక్కడే. పంటు కోసం రేవులో పడుకునేవాళ్ళవి ఆ ఊళ్ళు. ఆమె డ్రమ్ము వంపితే పళ్ళెంలో గుంటలు నిండాయి. ఇంకో పళ్ళెం తెచ్చారు. అదీ నిండింది. మూడో పళ్ళెం అడుగుతుంటే అక్కడ ఫోన్ పట్టుకున్నామె గంతులు వెయ్యడం మొదలుపెట్టింది. ఆకాశం, నేల, ఆకాశం కనిపించాయి మాకు. చివరి ఊరు కూడా అయ్యాక అక్కడి రేడియోలో ఆమె పేరు చెప్పారు. కొద్ది గోళీల తేడాతోనే గెలిచింది, కాని గెలిచింది.

ఇప్పుడు ఆమె ఆ సభలో సభ్యురాలు. మొదటి రోజున లేచి పంటు గురించి, కరెంటు గురించే మాట్లాడింది. మా అమ్మాయి నాకు ఫోన్‌లో చూపించింది. తలకు ఎత్తుగా గుడ్డ చుట్టుకుని, తొందర లేకుండా, ముందు అందరి ఇళ్ళనూ పలకరించి మొదలుపెట్టింది. అన్నీ అయిపోలేదు. కొత్త పంటు ఇంకా రాలేదు, పాతదాన్ని బాగుచేశారు. క్లినిక్‌కు కరెంటు తీగ వచ్చింది. మేం పంపిన కంప్యూటర్లు అప్పటికే ముసలివై పనికి రాలేదు, వేరేవి పెట్టారు. నర్సు ఇప్పుడు ఆ గదిలోకి చెప్పులతోనే వెళ్తోందట. ఆ మాట ఆమె అన్నిటికంటే సంతోషంగా చెప్పింది.

ఇంత చూసినా ఆమె అనగానే నా కళ్ళకు వచ్చేది సభ కాదు, ఆ శనివారమే.

రేడియోలో పేరు వినగానే మా అమ్మాయి ఏడుస్తూ ఆమెకు ఫోన్ చేసింది. ఎత్తదు అనుకున్నాం. ఎత్తింది. ఎక్కడో పెద్ద మైదానంలో, జనం భుజాల మీద ఉంటుందనుకున్నాం. ఒక ఇంటి వాకిట్లో, పొట్టి పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా బొగ్గుల కుంపటి, దాని మీద కెటిల్. కుంపటి అవతల తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన. నది అవతలి ఊళ్ళో మొదటిసారి ఆమె చేదు తాగి లేచి వెళ్ళిపోయిన ఇళ్ళలో అదొకటి. గోడ బయట డప్పులు, కేకలు. రాజధానికి తీసుకెళ్ళడానికి వచ్చిన కార్ల హారన్లు. ఎవరో గుమ్మంలోంచి చేతులు ఊపి ఆమెను రమ్మంటున్నారు.

"బిడ్డా, గెలిచినవ్!" అని అరిచాను.

ఆమె ఫోన్ వైపు చూసి నవ్వింది. నోటి మీద వేలు పెట్టుకుంది.

"అమ్మా, ఇది రెండో గ్లాసే. మూడోది తాగాక మాట్లాడతాను."

ఫోన్ కట్ చెయ్యలేదు. దేనికో ఆనించి పెట్టింది. ముసలాయన కెటిల్ ఎత్తి గ్లాసులోకి పోశాడు, ఆ గ్లాసు ఎత్తి ఇంకో గ్లాసులోకి. బయట హారన్లు ఇంకా గట్టిగా మోగాయి. ఆమె తల కూడా తిప్పలేదు. ఎప్పుడూ గడియారం చూసుకునే మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. ముసలాయన మళ్ళీ పోశాడు. నురగ ఇంకా కట్టలేదు. మేమూ ఆగాం.